బెల్లం ముక్క, కొత్త కారు

కిందటి వారం మనం ప్రార్థనను వంటింటి గడపలో, చేతిలో తడి గిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. వీధిలో హారను మోగింది, ఎవరిదో అనుకుంది. మళ్ళీ మోగింది. బయటికి వచ్చి చూస్తే, ఎమ్మిగనూరులోని తమ ఇంటి ముందు బంతిపూల దండ వేసుకుని ఒక తెల్లటి కొత్త కారు. స్టీరింగు వెనక మొగుడు శ్రీశ, ముఖమంతా నవ్వు పులుముకుని.

ఈ వారమే మన వెంట చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. ప్రార్థన ఆదోనిలో లెక్కల టీచరు. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయి బస్సులోనే వస్తుంది. పోయిన ఏకాదశి నాడు అత్తగారు దేవకమ్మను కంటి డాక్టరుకు చూపిద్దామని తనతోపాటు అదే బస్సు ఎక్కించుకుంది. దేవకమ్మకు షుగరు ఉంది. ఏకాదశి నాడు ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. అయినా పొద్దున్నే షుగరు మాత్ర మాత్రం నాలుక మీద పెట్టుకుని పొడిగానే మింగేసింది. మాత్ర మందే గానీ ఆహారం కాదు కదా, దాంతో ఉపవాసానికి వచ్చే నష్టమేముంది అని ఆమె లెక్క. ఆ లెక్క పెద్దకడుబూరు దాటాక తప్పింది. ఒళ్ళంతా చెమటలు పోసి, కళ్ళు తేలేసి, పక్క సీట్లో ఉన్న, రోజూ అదే బస్సెక్కే మారెమ్మ భుజం మీద వాలిపోయింది. డ్రైవరు మాదన్న ఎవరినీ అడగకుండా, బస్టాండు వైపు పోవలసిన బస్సును ఆసుపత్రి గేటు దాకా తోలుకుపోయాడు. పెద్దావిడ గండం గడిచి ఇల్లు చేరింది.

ఆ రోజు బస్సులో జరిగిన ఒక్క సంగతి మాత్రం ప్రార్థన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బస్సులో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. తెలియనిది దేవకమ్మకూ, ఆమె కొడుక్కీ, మనకూ.

సరే, కారు దగ్గరికి పోదాం.

"ఎట్లుంది?" అన్నాడు శ్రీశ దిగుతూ. "చెప్తే వద్దంటావని చెప్పలేదు."

"చెప్పకపోతే వద్దనడానికి ఉండదని చెప్పలేదు" అంది ప్రార్థన.

శ్రీశ నవ్వు సగానికి తగ్గింది. మనిషి చెడ్డవాడు కాదు. ఊళ్ళోనే ఇన్సూరెన్సు ఆఫీసులో పని, తల్లంటే ప్రాణం. బానెట్ మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ పొద్దు నీ ఫోన్ వచ్చినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు ప్రార్థనా. మా అమ్మ బస్సులో, ముక్కూ మొహం తెలియనోళ్ళ మధ్య పడిపోయి ఉంటే నేనీడ కుర్చీలో కూచోనుండాను. మనకు కారుంటే అట్లయ్యేదా? నీ బస్సు పిచ్చి నీది. దానికి అమ్మ ప్రాణం పణం పెడతామా?"

ఆ మాట ప్రార్థనకు ముల్లులా దిగింది. ఎందుకంటే అదే ప్రశ్న ఆమె తనను తాను ఆసుపత్రి వరండాలో చాలాసార్లు వేసుకుంది.

ప్రార్థనకు కారు నడపడం రాక కాదు. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళు రోజూ నడిపింది. అక్కడ ఆమె ఇంటికి వచ్చేసరికి దారిలో అడ్డం వచ్చిన ప్రతివాడి మీదా కోపం మిగిలి ఉండేది, అదంతా శ్రీశ మీద దిగేది. ఆదోనిలో ఉద్యోగం వచ్చి, ఎమ్మిగనూరులో కాపురం పెట్టాక, కారు అమ్మేద్దామని తనే పట్టుబట్టింది. మొదట్లో బంధువులు జాలిపడ్డారు. ఇంత చదివి బస్సుల్లో వేలాడుతోందే అన్నారు. ప్రార్థన మాత్రం పొద్దున్నే బస్టాండు దాకా నడవడం మొదలుపెట్టాక నడుము నొప్పి మాట మరిచిపోయింది. కిటికీ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకునేది, దిద్దడానికి ఏమీ లేకపోతే హాయిగా కునుకు తీసేది. దారి చూసుకునే బాధ్యత మాదన్నది కదా. పత్తి ధర పడిపోతే ఆమెకు పేపరు కంటే ముందే తెలిసేది, మారెమ్మ ముఖం చూస్తే చాలు. ఆ మారెమ్మ ఆదోనిలో పత్తి మిల్లుకు పోయే కూలి మనిషి. పెద్దకడుబూరులో ఎక్కుతుంది. టీచరమ్మ పక్క సీటు ఆమెదే. ఇంకెవరైనా కూర్చోబోతే వెనక నుంచి ఎవరో ఒకరు, "అది మారెమ్మదప్పా" అని లేపేస్తారు. ఇదంతా శ్రీశకు ఎట్లా చెప్పాలో ప్రార్థనకు ఏనాడూ తెలియలేదు. చెప్పబోతే తనకే పిచ్చిగా వినబడేది. ఆ బస్సు ఎక్కిన రోజుల్లో తాను మంచి మనిషినవుతున్నానని ఎవరికైనా ఎట్లా చెప్తాం?

ఇంతలో దేవకమ్మ హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది. పక్కింటి సావిత్రమ్మ వెంటే ఉంది. కారు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే పని సావిత్రమ్మ సొంత ఇంటి పనిలా నెత్తినేసుకుంది.

"ఇంకో రెండు దినాలు పడుకోనుంటే పోయేది గదా దేవకక్కా" అంది సావిత్రమ్మ.

"నాకేమైంది? ఏనుగు మాదిరి ఉండాను" అంది దేవకమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి, చూడవచ్చిన ప్రతి మనిషికీ చెబుతున్న మాటే మళ్ళీ అందుకుంది. "అంత ఒళ్ళు తెలియని స్థితిలో కూడా నా ఏకాదశి చెడలేదు సావిత్రీ. డ్రిప్పు ఎక్కించినారు, నిజమే. అది నరంలోకి పోయేది, కడుపులోకి కాదు గదా. అంతా మా రాయరు స్వామి చూసుకున్నారు."

ప్రార్థన చూపు తిప్పుకుని కారు అద్దం తుడుస్తున్నట్టు నటించింది. నిజం చెబితే పెద్దావిడ కుంగిపోతుందేమో, చెప్పకుంటే అబద్ధంతో బతుకుతున్నట్టుంది. డాక్టరు గట్టిగా చెప్పాడు, ఆమె మనసు కష్టపెట్టవద్దని. అదొక సాకు దొరికింది.

"టీచరమ్మా!"

వీధి మలుపులో మారెమ్మ. భుజాన సంచి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ గబగబా వస్తోంది.

"యాడుందో ఇల్లని అడుక్కుంటా అడుక్కుంటా వచ్చినాను. ఈడ అందరికీ నువ్వు తెలుసు, ఎవురూ వీధి పేరు సెప్పరు" అంటూ వచ్చి, గేటు దగ్గర ఆగిపోయింది. దేవకమ్మను చూడగానే ముఖం విప్పారింది. "అమ్మా! లేసి తిరుగుతాండావా తల్లీ! ఆ పొద్దు నీ సెయ్యి ఐసు మాదిరి సల్లగుండె. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలే."

దేవకమ్మకు మనిషి గుర్తురాలేదు. "ఎవరమ్మా నువ్వు?"

"బస్సులో నీ పక్కన కూచున్యానమ్మా. మారెమ్మను. ఆ పొద్దు బెల్లం నువ్వు మింగినావు కాబట్టి సరిపాయె. మింగకుంటే యేమయ్యేదో! పండ్లు గట్టిగా బిగబట్టేసింటివి. టీచరమ్మ నీ తల పట్టుకోని, 'పెట్టు మారెమ్మా, పెట్టు' అని ఏడుస్తాంటే, నేనే ఏలితో నీ నోట్లో రాసినా."

సావిత్రమ్మ చేతిలో నాలుగో నిమ్మకాయ అట్లాగే ఉండిపోయింది. శ్రీశ తల్లి వైపు చూశాడు. మారెమ్మ ఒక్కొక్కరి ముఖం చూసి, తానేదో అనకూడనిది అన్నానని అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బెల్లమా?" అంది దేవకమ్మ.

"నేనే పెట్టమన్నాను అత్తా." ప్రార్థన గుడ్డ కింద పడేసి ముందుకు వచ్చింది. "మాత్ర వేసుకుని ఏమీ తినలేదని నాకు తెలుసు. షుగరు పడిపోయిందని తెలుస్తానే ఉంది. తీపి ఏమన్నా ఉందా అని బస్సులో అందరినీ అడిగినాను. ఏకాదశి అని తెలిసే పెట్టించినాను. మీకు చెప్పే ధైర్యం రాలేదు, అంతే. తప్పంటే నాది. మారెమ్మది కాదు."

దేవకమ్మ పళ్ళెం సావిత్రమ్మ చేతికిచ్చి, మెట్టు మీద కూర్చుంది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది, ఆ బెల్లం ఇంకా అక్కడే ఉందేమో అన్నట్టు. ప్రార్థనకు అత్త ఆచారం బాగా తెలుసు. చిన్నప్పటి నుంచి ఒక్క ఏకాదశి తప్పని మనిషి. మడి నీళ్ళు వేరే, మడి గిన్నెలు వేరే. కోడలి చేతి వంట తినడానికే కాపురానికి వచ్చిన కొత్తల్లో ఏడాది తీసుకుంది.

"అయ్యో, ఏకాదశి పోయిందే!" అంది సావిత్రమ్మ, ఉండలేక.

దేవకమ్మ ఆమె వైపు చూడలేదు. మారెమ్మనే చూస్తోంది. "ఎవరి బెల్లం అది?"

"నాదేనమ్మా." మారెమ్మ గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "మధ్యాన్నం రొట్టెలోకి తెచ్చుకున్న ముక్క. మంచిదే. అంగట్లో పొద్దునే కొన్యాను."

"మరి మధ్యాన్నం నువ్వేం తింటివి?"

మారెమ్మ ఈ ప్రశ్న ఊహించలేదు. "వట్టి రొట్టె తింటినమ్మా" అంది, సిగ్గుపడుతూ.

దేవకమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. "నీ నోటికాడి ముక్క తీసి నా నోట్లో పెట్టినావా తల్లీ! నేను ఊరంతా తిరిగి, నా ఉపవాసం నన్ను కాపాడిందని చెప్పుకుంటాండాను. ఆ ఉపవాసమే నన్ను చంపబోయింది." సావిత్రమ్మ వైపు తిరిగింది. "ఏకాదశి పోలేదు సావిత్రీ. మళ్ళీ పక్షానికి అదే వస్తుంది. నేను పోయింటే మళ్ళీ వస్తానా?"

తర్వాత కోడలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకు చెప్పకుండా దాచినందుకు నీ మీద కోపంగానే ఉంది. అది రేపు చూసుకుందాం" అంటూ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రార్థనకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. ఈ చెయ్యి మళ్ళీ వెచ్చగా తన చేతిలో ఉంది. అంతకు మించి ఈ ప్రపంచాన్ని ఆమె ఇంకేమీ అడగదలచుకోలేదు.

"చూసినావా అమ్మా" అన్నాడు శ్రీశ. "అందుకే నేను కారు తెచ్చింది. ఇంకోసారి నీకు అట్లాంటి గతి పట్టకూడదు."

"ఏం గతిరా?" దేవకమ్మ కొడుకును చూసింది. "ఆ పొద్దు ఈ కారులోనే పోతాండామనుకో. నువ్వు రోడ్డు చూస్తాంటావు. కోడలు నీ పక్కన. వెనక సీట్లో నేనొక్కదాన్ని. ఏసీ వేసుకోని, అద్దాలు బిగించుకోని. నా తల పక్కకు వాలితే ఏమనుకుంటారు మీరిద్దరూ? 'పాపం, అమ్మ ఉపవాసంతో అలిసిపోయింది, నిద్ర పోనీ' అనుకుంటారు. మెల్లగా పోదాం, లేపొద్దు అనుకుంటారు. ఆదోని చేరినాక లేపబోతే నేను లేస్తానా?"

శ్రీశ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఆడ బస్సులో నా తల ఈమె భుజం మీద పడింది. పడిన క్షణమే ఈమెకు తెలిసింది. ముక్కూ మొహం తెలియనోళ్ళన్నావే, ఇదిగో, దీనికి ముక్కూ ఉంది మొహమూ ఉంది. చూడు." మారెమ్మను చెయ్యి పట్టి లాగి తన పక్కనే మెట్టు మీద కూర్చోబెట్టింది. "కారు తప్పని నేననలేదు. తెచ్చినావు, ఉండనీ. కానీ నా కోడలు ఎక్కే బస్సును మాత్రం ఇంకోసారి తిట్టొద్దు."

ప్రార్థన తాను ఇన్నేళ్ళుగా చెప్పలేకపోయిన మాటను అత్తగారు మెట్టు మీద కూర్చుని ఇంత తేలిగ్గా చెప్పేయడం చూసి విస్తుపోయింది. లోపలికి పోయి మారెమ్మకు కాఫీ తెచ్చింది. మారెమ్మ సంచిలోంచి పచ్చి సెనక్కాయలు తీసి దేవకమ్మ ఒళ్ళో పోసింది. మిల్లుకు పోకుండా ఇంత దూరం నన్ను చూడ్డానికే వచ్చినావా అని దేవకమ్మ మురిసిపోతే, మారెమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చెప్పాలా వద్దా అన్నట్టు ప్రార్థనను చూసింది.

"నిన్ను సూసేదానికే వచ్చినానమ్మా. ఇంకోటి కూడా ఉంది. మాదన్నను బండి దింపేసినారు టీచరమ్మా. డూటీ ఇయ్యకుండా ఇంట్లో కూచోబెట్టినారు. నీకు ఇన్ని దినాలు సెలవు గదా, తెలిసిండదు."

"ఎందుకు?" అంది ప్రార్థన.

"ఆ పొద్దు రూటు తప్పించినందుకంట. ఎవురో డిపో పెద్దాయనకు ఫోన్ చేసి గట్టిగా తిట్టినారంట, డ్రైవరు తన ఇష్టమొచ్చిన పక్కకు తిప్పినాడు, అంబులెన్సుకు కూడా చెప్పలేదు అని." మారెమ్మ ముక్కు చీదుకుంది. "బండి పోతే పోయె, అది మళ్ళీ ఇస్తారులే. నిన్న వాళ్ళింటికి పోయింటి. మనిషి గోడకల్లా తిరిగి పండుకోనుండాడు. 'ఇంక ఎవురు పడిపోయినా నేను బండి ఆపను మారెమ్మా' అన్యాడు. మాదన్న నోట్లోంచి ఆ మాట వస్తాదని నేననుకోలేదమ్మా."

ప్రార్థన తల ఎత్తి చూస్తే శ్రీశ ముఖం పాలిపోయి ఉంది. ఆమెకు వెంటనే అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"నేనే" అన్నాడు శ్రీశ, నేల చూస్తూ. "ఆసుపత్రికి వస్తా దారిలో డిపోకు ఫోన్ చేసినా. నాకప్పుడు ఏమీ తెలీదు. అమ్మ ఉందో లేదో కూడా తెలీదు. ఎవరినో ఒకరిని తిట్టాలనిపించింది."

దేవకమ్మ కొడుకును తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి చెప్పులు వేసుకుంది. "మాదన్న ఇల్లు యాడ?" అని మారెమ్మను అడిగింది.

"పెద్దకడుబూరేనమ్మా. మా సందు పక్కనే."

"ఎక్కండి, కారులో గబాల్న పోతాం" అన్నాడు శ్రీశ తాళంచెవి తీస్తూ.

"ఆ మనిషి బండి తీసేయించి, అతని ఇంటి ముందర కొత్త కారు దిగి తప్పైందని చెప్తావా?" అంది దేవకమ్మ. "బస్సుకే పోదాం."

శ్రీశ కాసేపు కారునూ, తల్లినీ చూశాడు. తర్వాత కారుకు తాళం వేసి వాళ్ళ వెనక నడిచాడు. సావిత్రమ్మ పళ్ళెం పట్టుకుని, హారతి ఎవరికివ్వాలో తెలియక కారుకే ఇచ్చేసింది.

బస్సు వచ్చేసరికి స్టాండులో జనం కిటకిటలాడుతున్నారు. కండక్టరు జాషువా ముందు ప్రార్థనను చూసి నవ్వాడు, వెనక దేవకమ్మను చూసి ఫుట్‌బోర్డు మీద నుంచి దూకేశాడు. "అమ్మా! నువ్వేనా! ఏయ్, లెయ్యండప్పా, లెయ్యండి, ఏకాదశమ్మ వచ్చింది!"

ఆ బస్సులో దేవకమ్మకు ఒక పేరు కూడా పెట్టేశారని ఇంట్లోవాళ్ళకు అప్పుడే తెలిసింది. ముగ్గురు ఒకేసారి లేచి సీటిచ్చారు. వెనక నుంచి ఎవరో తువ్వాలు విసిరి కిటికీ పక్క జాగా పట్టి పెట్టారు. ఒకామె ఇంత దూరం నుంచి చెయ్యి చాచి దేవకమ్మ గడ్డం పట్టుకుని, "మా ఇంట్లో కూడా దీపం పెడితిమి తల్లీ నీకోసం" అంది. దేవకమ్మ అందరికీ దండం పెడుతూనే ఉంది, ఆపడం లేదు. ఇంతమందిలో ప్రార్థనకు పేరు తెలిసినవాళ్ళు కొందరే. ఇంతమందీ తన ఇంటి మనిషి కోసం దిగులుపడ్డారు. ఇన్నేళ్ళు ఈ కమ్మీలు పట్టుకుని నిలబడినందుకు తనకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆడవాళ్ళకు ఎట్లాగూ బస్సు ఉచితం. డబ్బులిచ్చి టికెట్టు కొనవలసింది శ్రీశ ఒక్కడే. కాలేజీ రోజుల తర్వాత బస్సెక్కని మనిషి, పైకమ్మీ పట్టుకుని అటూ ఇటూ ఊగుతున్నాడు. ఊరు దాటింది. స్టీరింగు ముందు కూర్చున్న కొత్త డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా బస్సు మూలిగింది.

"మాదన్న ఐతే ఇట్ల తోలడు" అన్నాడొకాయన.

"ఆయప్ప మీద ఫోన్ చేసినోడెవుడో నాకు దొరకల్ల" అన్నాడు జాషువా, టికెట్టు మిషను నొక్కుతూ. "ఇన్నేండ్ల సర్వీసులో ఒక్క మాట పడని మనిషి. ప్రాణం కాపాడినందుకు ఇంట్లో కూచోబెట్టినారు. ఆ ఫోన్ చేసినోడు మన బస్సెక్కే మనిషైతే కాదు. ఎక్కే మనిషైతే చెయ్యడు. నీకేమన్నా తెలుసా టీచరమ్మా?"

బస్సంతా ప్రార్థన వైపు తిరిగింది. దేవకమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. మారెమ్మ ఒళ్ళో ఖాళీ సంచిని మడతపెట్టి మళ్ళీ విప్పింది. అబద్ధం చెప్పడం ప్రార్థనకు చేతకాదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు.

శ్రీశ టికెట్టు అందుకున్నాడు. "నాకు తెలుసు" అన్నాడు. "ఆ ఫోన్ చేసింది నేనే. నేను ఈ ఏకాదశమ్మ కొడుకును."

జాషువా అతన్ని పైనుంచి కిందికి చూశాడు. ఆ తర్వాత విజిలు నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. పత్తి చేల మధ్య, ఏ స్టాపూ లేని చోట, బస్సు ఆగిపోయింది.